ఒక కమానుకు ఎనిమిది అక్షరాలు

మా నాయిన గురువుగారి ఇంట్లో ఒక నియమం ఉండేది. శిష్యుడు ఎంతటివాడైనా ఫిడేలు చేతికి తీసుకున్నాక ముందు షడ్జం ఒక్కటే పలికించాలి. కమానును మొదలు నుంచి కొస దాకా ఒక్కసారే, ఒకే దిక్కుకు లాగాలి. ఆ ఒక్క లాగు ఆదితాళం ఒక చుట్టు, అంటే ఎనిమిది అక్షరాలు, తెగకుండా, సన్నబడకుండా పలకాలి. ఆ తర్వాతే ఏ పాటైనా. దీన్ని వాళ్లు దండం అనేవాళ్లు. "దండం పెట్టినవా?" అని నాయినను అడిగితే చేతులు జోడించావా అని కాదు, కమాను లాగావా అని అర్థం. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాట దగ్గర తప్పకుండా పొరబడేవాళ్లు. నాయిన దేవుడి గూటికి వీపు పెట్టి కూర్చొని "పెట్టిన" అనేవాడు.

ఆ ఎనిమిది అక్షరాలు చేత్తో వేసే పని నాది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్లీ దెబ్బ, విసురు. ఇంకో దెబ్బ, విసురు. ఐదేళ్లకు నేర్చుకున్నాను. నాయినకు కొడుకులు లేరు, నా గొంతు బాగుండదు. "పాట రాకుంటె పాయె, లెక్కన్న నేర్చుకో బిడ్డా" అన్నాడు. నేర్చుకున్నాను. తర్వాత బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే బతికాను.

నాయిన పాలమూరు జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక చిన్న సంస్థానంలో ఫిడేలు వాయించేవాడు. సంస్థానాలు పోయాయి, వాటితోపాటు విద్వాంసుల కొలువులూ పోయాయి. 1950లో, నాకు నాలుగేళ్లప్పుడు, అమ్మ పుట్టిన ఊరికి వచ్చాం. నల్లగొండ జిల్లాలో, మర్రిగూడకు అవతల. అమ్మకు అక్కడ కొంచెం చెలక, మట్టిగోడల ఇల్లు ఉన్నాయి. వాన పడితే కందులు, ఆముదాలు, పడకపోతే రాళ్లు.

ఆ ఇంట్లో అవ్వ ఉండేది, అమ్మ వాళ్ల అమ్మ. నడుము దగ్గర రెండుగా వంగిపోయి, నేలను చూస్తూ నడిచేది. ఎవరితోనైనా మాట్లాడాలంటే గోడకు చేయి ఆనించి ఒళ్లంతా పక్కకు తిప్పి, ఒక కంటితో పైకి చూసేది. మేం వచ్చిన రోజు నాయిన ఆమె కాళ్లకు మొక్కి, లేచి, నవ్వుతూ "అత్త నడుము నా కమాను తీరుగున్నది" అన్నాడు. అవ్వ కూడా నవ్వింది. "నీది వాయిస్తె పలుకుతది అల్లుడా, నాది లేస్తె పలుకుతది" అంది. అవ్వకు అప్పటికి యాభై ఏళ్లు నిండలేదని చాలాకాలం తర్వాత, అమ్మ పుట్టిన ఏడు పట్టుకొని లెక్కవేస్తే తేలింది.

ఆ ఊళ్లో అవ్వలాంటి వాళ్లు ఇంటికొకరు ఉండేవాళ్లు. నడుము పట్టింది అనేవాళ్లు. గాలి సోకింది అనేవాళ్లు. పిల్లల పళ్లమీద పసుపు, గోధుమ రంగు చారలుండేవి. నా పళ్లకూ వచ్చాయి. అమ్మ తల పైకెత్తి చుక్కలు చూడలేకపోయేది. వాకిట్లో మంచం వేసుకొని పడుకుంటేనే ఆమెకు ఆకాశం. మాకు అది వింతగా తోచేది కాదు. కొందరికి మెడ అలా ఉంటుందనుకున్నాం.

నాయిన సినిమా పాటలు వాయించడం 1955లో మొదలైంది. పంటలు ఇంటికొచ్చాక మాకు కోసెడు దూరంలో, సంత జాగాలో, డేరా సినిమా వేసేవాళ్లు. వేసవి అయ్యేదాకా ఉండేది. ఆ డేరా యజమానిని అందరూ సేటు అనేవాళ్లు. ఆట మొదలయ్యేముందు జనాన్ని పిలవడానికి గ్రామఫోను పెట్టేవాడు. ఆ ఏడు రికార్డులు అరిగిపోయి గీకుతుంటే, సేటు మా ఇంటికొచ్చి నాయినను అడిగాడు.

మొదటి సాయంత్రం నాయిన దండం పెట్టి, ఒక కీర్తన ఎత్తుకున్నాడు. నేను పక్కన తాళం వేస్తున్నాను. టిక్కెట్ల దగ్గర వరుసలోంచి ఎవరో అరిచారు.

"ఏంది సేటూ, రికార్డు గీకుతాందని తీసేసి మనిషిని దెచ్చి గీకిస్తున్నవా?"

జనం ఘొల్లుమన్నారు. నాయిన కీర్తన పూర్తి చేశాడు, మధ్యలో ఆపలేదు. ఇంటికి నడిచాం. ఇల్లు కనబడుతుండగా ఆగి అన్నాడు:

"గా జోలపాట లేదా, నెల రోజులసంది గా రికార్డుల ఏడుస్తాంది. గది ఏ రాగమో ఎరికేనా బిడ్డా? నీలాంబరి. ముసుగేసుకొని వచ్చింది, అంతే. నేను గా ముసుగు తీస్త."

ఆ జోలపాట అప్పుడు అందరి నోళ్లలో ఉండేది. మరుసటి రోజు నాయిన దాన్ని నేరుగా వాయించలేదు. ముందు నీలాంబరిని మెల్లగా ఆలాపించాడు. పాటలోని ఒక మలుపు చూపించి వెనక్కి లాక్కున్నాడు. ఇంకో మలుపు చూపించి దాచాడు. వరుసలో ఉన్నవాళ్లు కదలకుండా నిలబడ్డారు.

"గిది ఏం పాటనే?"

"పాట ఇంక రాలే. బాటల ఉన్నది."

"ఆగుండ్రి, ఆగుండ్రి... నాకు ఎరికే, గది గా పడవ పాట!"

"నీ మొకం. పడవ పాట గింత నిద్ర మొకమేసుకొని ఉంటదా?"

అప్పుడు నాయిన జోలపాట పల్లవి ఎత్తుకున్నాడు. డేరా బయట కేక పుట్టింది. పడవ పాట కాదన్నవాడు పందెం గెలిచినట్టు పక్కవాడి చెవి మీది బీడీ లాక్కున్నాడు. పల్లవిని నాయిన నాలుగు రకాలుగా తిప్పాడు, మా సంస్థానం దర్బారులో కీర్తన పంక్తిని ఎలా తిప్పేవాడో అలాగే. తెలిసిన పాట తెలియనట్టు, మళ్లీ తెలిసినట్టు వస్తుంటే జనం ఊగిపోయారు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే ఆట: నాయిన ఒక సినిమా పాటను రాగంలో దాస్తాడు, జనం వెతుకుతారు. బొమ్మ బాగోలేని రోజుల్లో కూడా డేరా నిండేది. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లకూ పిలవసాగారు.

ఆ సంపాదనతో 1958లో నాయిన మా వాకిట్లో బావి తవ్వించాడు. ఊరి బావి వేసవికి అడుగంటేది. నాయిన రాయి పేల్పించి, నీళ్లు పడ్డాక కూడా ఆపకుండా ఇంకా తవ్వించాడు. ఇరవై గజాలు. ఊళ్లో అంత లోతు బావి ఇంకొకటి లేదు. నీళ్లు అద్దంలా ఉండేవి. చెంబు అడుగున కంసాలి వేసిన చుక్క కూడా కనిపించేది. తియ్యగా ఉండేవి. ఆ నీళ్లతో వండితే అన్నం కొంచెం పచ్చబారేది, అంతే. ఎండాకాలంలో ఊళ్లో సగంమంది మా వాకిటికే బిందెలతో వచ్చేవాళ్లు. నాయిన ఎవరినీ కాదనలేదు. అది ఆయనకు గర్వం. సినిమా పాటలు వాయిస్తున్నాడని సంస్థానం వాళ్లు నవ్వుతున్నారని తెలిసినప్పుడల్లా, గిలక చప్పుడు వింటూ కూర్చునేవాడు.

అది బావి తవ్విన రెండేళ్లకో, మూడేళ్లకో అని అమ్మ అనేది. రెండేళ్లకే. 1960 వానాకాలం. ఒక పొద్దున దండం పెడుతుంటే, నా చేయి చివరి విసురు దాకా పోకముందే కమాను ఆగిపోయింది.

"తాళం మెల్లగేసినవ్" అన్నాడు నాయిన.

వేయలేదని నాకు తెలుసు. కానీ నాయిన మాట ముందు నా మాట నిలవదు కదా. ఆ నెలలోనే బడిలో లోలకం పాఠం చెప్పారు: దారం పొడవు మారకపోతే ఊపు కాలం మారదని. నేను ఇంటికొచ్చి దూలానికి దారం కట్టి, కొసన గుండ్రటి రాయి వేలాడదీశాను. దారం పొడవు సవరించి సవరించి, ఒక ఊపు నాయిన కాలంలో ఒక అక్షరం అయ్యేట్టు చేశాను. ఇక రాయినే చూస్తూ చేయి వేశాను. మరుసటి రోజు కూడా కమాను చివరి విసురుకు ముందే ఆగింది. నాయిన రాయిని చూశాడు, నన్ను చూశాడు, తన మోచేతిని చూసుకున్నాడు. చేయి ముందుకు చాచాడు. అది పూర్తిగా చాచుకోలేదు. మోచేతి దగ్గర కొంచెం వంపు మిగిలిపోయింది.

కమానును నెమ్మదిగా లాగితే అంతసేపూ రాదా అని అడగవచ్చు. వస్తుంది, కానీ నాదం పలచబడి ఈగ మోతలా అవుతుంది. దండంలో ఈగకు చోటు లేదని వాళ్ల గురువు అనేవాడట.

ఆ ఏడు ఆఖరి విసురు పోయింది. మరో రెండేళ్లకు ఆ ముందున్న దెబ్బ దగ్గరకు వచ్చింది. అదే సమయంలో డేరా దగ్గర నాయిన పేరు ఇంకా పెరిగింది, ఎందుకో చెప్పాలి. కమానును పొడుగ్గా లాగలేకపోయేసరికి ఆయన పాటను ముక్కలు చేయసాగాడు. పంక్తిలో మొదటి మూడు స్వరాలు పలికించి ఆగేవాడు. మధ్యలో ఖాళీ. మళ్లీ చివర రెండు స్వరాలు. ఆ ఖాళీలో ఏముండాలో జనానికి తెలుసు; పాట వాళ్లదే. మొదట ఒకరిద్దరు, తర్వాత డేరా బయటి జనమంతా ఆ ఖాళీల్లో పాడేవాళ్లు. నాయిన విడిచిపెట్టిన మాటలు వాళ్ల నోళ్లలోంచి వచ్చేవి. సేటు కళ్లు తుడుచుకున్నాడు.

"గిట్ల ఎవ్వలు వాయించలే పంతులూ. ఊకుండి పాడిపిస్తున్నవ్. ఏడ నేర్చినవయ్యా గీ విద్య?"

నాయిన నవ్వాడు. నాకు మాత్రం ప్రతి ఏడూ ఆ ఖాళీలు పెరుగుతుండటం తెలుస్తోంది. 

మోకాళ్లు కూడా ముడుచుకోవడం మానేశాయి. నేల మీద కూర్చోలేక సేటును కుర్చీ అడిగి, దాని మీద కూర్చొని వాయించసాగాడు. ఆ కబురు పాలమూరు దాకా పోయింది, ఇంకో అర్థంతో. సినిమా బ్యాండు వాళ్లలాగా కుర్చీ ఎక్కాడట అని.

ఆ కబురు విని మృదంగం పెదనాయిన వచ్చాడు. ఆయన నాయినకు సొంత అన్న కాదు, గురువుగారి ఇంట్లో ఇద్దరూ కలిసి పెరిగారు. నాయిన ఫిడేలు, ఆయన మృదంగం. సంచీ దించకముందే మొదలుపెట్టాడు.

"ఏం తమ్మీ, సారు నేర్పిన నీలాంబరిని డేరాల పండబెట్టినవట?"

"పండబెడితెనే గద అన్నా అది నీలాంబరి."

"మాటలకు తక్కువ లేదు. కుర్చీ ఎందుకురా? నేల మీద ముళ్లు మొలిసినయా?"

"సినిమోళ్లకు కుర్చీ మర్యాద అన్నా."

నాయిన నిజం చెప్పలేదు. ఆ రాత్రి పెదనాయిన డేరాకు వెళ్లి, జనం ఖాళీల్లో పాడటం విని, తిరిగొచ్చి పడుకున్నాడు. పొద్దున మా బావి నీళ్లు ఒక చెంబు తాగి, ఇంకో చెంబు తాగాడు. "ఏం నీళ్లురా తమ్మీ! మా ఊళ్లె బురద తాగి నాలిక మందమైంది. గివి అమృతం" అని, కూజా నింపుకొని బస్సెక్కాడు.

1963లో అమ్మ పోరు పడలేక నాయిన నల్లగొండ దవాఖానకు వెళ్లాడు. నేను వెంట వెళ్లాను. డాక్టరు మోచేయి వంచి చూశాడు, మెడ తిప్పమన్నాడు, నా వైపు తిరిగి పళ్లు చూపించమన్నాడు. తర్వాత ఏ ఊరని అడిగాడు. నాయిన చెప్పాడు. డాక్టరు రాస్తున్న కలం పక్కన పెట్టేశాడు.

"తాగేది ఏ నీళ్లు?"

"సొంత బావి సార్. ఇరవై గజాలు. మా ఊళ్లె గంత లోతు ఎవ్వరికి లేదు."

"అంత లోతా" అన్నాడు డాక్టరు. "ఆ రాళ్లలో ఉండేది నీళ్లలోకి దిగుతుంది. ఎముకలకు పడుతుంది. మీ దిక్కు లోతుకు పోయినకొద్దీ ఎక్కువ" అన్నాడు.

"మందు?"

"మందు లేదు. ఆ నీళ్లు మానేయాలి. ఇంకోచోట ఉండగలిగితే ఉండండి."

"ఊరంత గవే నీళ్లు తాగుతున్నరు సార్."

"అందుకే ఊరి పేరు అడిగాను."

బస్సులో నాయిన కిటికీ వైపు తిరగాలనుకొని, మెడ తిరగక, ఒళ్లంతా తిప్పి కూర్చున్నాడు. అప్పుడు నాకు అవ్వ గుర్తొచ్చింది. ఆమె చచ్చిపోయి అప్పటికి రెండేళ్లు. పాడెమీద ఆమెను చాపడానికి నలుగురు మనుషులు పట్టారు, అయినా చాచుకోలేదు. ఒక పక్కకు పడుకోబెట్టి తీసుకుపోయారు.

కొంతకాలం అమ్మ దూరపు కుంట నుంచి నీళ్లు మోసింది. మాఘమాసం దాటకముందే కుంట ఎండిపోయింది. వానాకాలంలో చూరు నీళ్లు పట్టాం. అవి ఎన్నాళ్లు వస్తాయి? మిగిలిన రోజులు మా బావే. ఊరు విడిచిపోదామని అమ్మ అనేది, చెలక కొనేవాళ్లు లేరు. ఆ ఊరంటేనే ఎవరూ రారు. పరాయి ఊళ్లో కిరాయికి ఉందామంటే డేరా ఒక్కటే మా బతుకు, డేరా ఇక్కడే.

అలా ఉండగా 1965లో పెదనాయిన మళ్లీ వచ్చాడు. పాలమూరులో సంగీతం బడి పెడుతున్నారని, ఫిడేలు పంతులు కావాలని, ఉండటానికి ఇల్లు ఇస్తారని చెప్పాడు. బడి పెడుతున్న పెద్దలు గురువుగారి ఆరాధనకు వస్తారు.

"వాళ్లకు నీ మీద ఒక్కటే అనుమానం తమ్మీ. సినిమాల వడి విద్య పోగొట్టుకున్నవని. ఆరాధన నాడు పటం ముందల నేల మీద కూసొని దండం పెట్టు. ఒక్క దండం. నీ దండం విన్నంక ఇగ సినిమా గినిమా ఎవ్వడు అడగడు. నౌకరి నీదే."

అమ్మ వంటింటి గడపలో నిలబడి వింటోంది. "పాలమూరుల తాగే నీళ్లు ఏడియి అన్నా?" అని అడిగింది.

"చెరువుయి. జర మురికి."

"మురికైతె మంచిదే" అంది అమ్మ.

పెదనాయిన ఆమె వైపు వింతగా చూశాడు. ఆయనకు ఇంకా చెప్పలేదు. చెయ్యి పోయిందని తెలిస్తే పిల్లలకు నేర్పే నౌకరి ఎవరిస్తారని నాయిన భయం. అప్పటికి కమాను రెండో దెబ్బ తర్వాతి విసురు దగ్గర ఆగుతోంది. ఆరు అక్షరాలు. రెండు తక్కువ.

ఆరాధనకు ముందున్న రోజులన్నీ ఆ రెండు అక్షరాల కోసమే గడిచాయి. అమ్మ ఆముదం కాచి మోచేతికి రాసేది, ఇసుక మూటతో కాపడం పెట్టేది. నాయిన మంచం పట్టె మీద చేయి ఆనించి, మణికట్టుకు చేద తగిలించుకొని, అందులో నీళ్లు పోయించుకునేవాడు, ఆ బరువుకు మోచేయి చాచుకుంటుందేమోనని. నీళ్లు ఆ బావివే. కళ్లు మూసుకొని ఓర్చుకునేవాడు. నేను రాయి ఊపి చూసేదాన్ని. ఆరు. ఆరు. ఒక పొద్దున ఆరున్నర. మళ్లీ ఆరు.

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారి పాలమూరుకు వెళ్లాం. సత్రంలో దిగాం. తెల్లవారి తలంటుకుంటుంటే అమ్మ నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అంది:

"బిడ్డా, చెయ్యి జర జల్ది వెయ్యి. ఎవ్వలకు ఎరికైతది? ఈసమంత."

గోడ అవతల నాయిన పంచె కట్టుకుంటున్నాడు. అక్కడి నుంచే అన్నాడు:

"జల్ది వెయ్యకు. మెల్లగ వెయ్యకు. రాయి తీరుగ వెయ్యి."

"ఎందుకు వెయ్యొద్దు?" అంది అమ్మ, గోడతోనే. "నీ గురువు లేచొచ్చి లెక్క వెడతడా?"

 నాయిన గుమ్మంలోకి వచ్చాడు. అమ్మను కాదు, నన్ను చూస్తూ అన్నాడు. "నా చెయ్యి ఏడ ఆగుతాందో ఇన్నేండ్లసంది నీ చెయ్యే చెప్పింది నాకు. డేరా కాడ వెయ్యిమంది శభాష్ అన్నరు. నువ్వొక్కదానివే ఏడ తగ్గిందో చెప్పినవ్. గది గుడ అబద్ధం చెప్తె, ఇగ నాకు ఏం మిగుల్తది?"

గురువుగారి ఇంటి పెద్ద హాల్లో పటానికి ఎదురుగా జంపఖానా పరిచారు. బడి పెట్టే పెద్దలు ఒక పక్క, శిష్యులంతా ఇంకో పక్క. నాయిన వంతు వచ్చింది. నేల మీదికి దిగడానికి ఆయన గోడ పట్టుకోవడం చూసి, ఎవరో అన్నారు: "కుర్చీ తెప్పియ్యాల్నా విద్వాంసులకు?"

నవ్వులు. "వద్దు" అన్నాడు నాయిన. ఫిడేలు వాయించేవాళ్లు కుడికాలు ఎలాగూ చాచుకుంటారు. ఎడమ మోకాలి కింద దిండు పెట్టుకొని, నొప్పి ముఖంలో కనబడకుండా కూర్చున్నాడు. పెదనాయిన మృదంగం ముందు పెట్టుకొని ఎదురుగా ఉన్నాడు. ఆ ఇంటి పద్ధతి ప్రకారం దండం వేళ హాల్లో అందరూ తాళం వేస్తారు. నాయిన మాత్రం నా చేతినే చూస్తున్నాడు.

దెబ్బ. షడ్జం లేచింది. నిండుగా, ఏ ఈగా లేకుండా. నవ్విన మనిషి ముఖం మారింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు. అప్పుడు పెదనాయిన కళ్లు నాయిన మోచేతి మీద పడ్డాయి. ముప్ఫై ఏళ్లు ఎదురుగా కూర్చొని చూసిన చేయి అది. అది ఎక్కడిదాకా చాచుకోవాలో, ఎక్కడ బిగిసిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కుర్చీ ఎందుకో, అమ్మ నీళ్ల సంగతి ఎందుకడిగిందో అన్నీ ఆయన ముఖంలో ఒక్కసారి కనిపించాయి.

నేను నడిమి వేలు దగ్గరున్నాను. ఆయన చేయి అప్పటికే దెబ్బ వేసింది.

తొందరపడ్డాడు. కావాలనే. మృదంగం ఆయన చేయి తొందరపడితే హాల్లో ఎవరు అనుమానిస్తారు? ఒక్కొక్క చేయీ ఆయన చేతిని పట్టుకొని ముందుకు పోయింది. నా చేయి ఒక్కటే వెనక మిగిలింది. అమ్మ స్త్రీల వైపు నుంచి నన్ను చూస్తోందని తెలుసు. ఆమె వైపు చూడలేదు. దెబ్బ. విసురు. నా ఆరో అక్షరం దగ్గర కమాను ఆగింది, అక్కడే పెదనాయిన చుట్టు పూర్తయింది. హాలంతా ఆయనతోపాటు చివరి విసురు విసిరింది. "ఆహా" అన్నారెవరో. బడి పెద్దల్లో ఒకాయన తల ఊపాడు.

నాయిన కమాను ఎత్తితే చాలు. అయిపోయేది.

ఎత్తలేదు. కమానును తీగ మీదే ఉంచి, చప్పుడు లేకుండా, నా చేతిని చూస్తూ కూర్చున్నాడు. ఇంకా రెండున్నాయి. నేను దెబ్బ వేశాను. ఆ నిశ్శబ్దంలో తొడమీద అరచేతి చప్పుడు అందరికీ వినబడింది. విసిరాను. అప్పుడు నాయిన కమాను తీశాడు.

"ఆరే పలికినయి" అన్నాడు పటం వైపు తిరిగి. మెడ తిరగదు కనుక ఒళ్లంతా తిప్పి. "రెండు పోయినయి సారూ."

నేను వేసింది సరైన కాలం. ఇప్పటికీ అదే అంటాను.

తర్వాత ఆయన నీలాంబరి ఎత్తుకున్నాడు. కీర్తన కాదు, ఆ సినిమా జోలపాటే. మొదటి మూడు స్వరాలు, ఖాళీ, చివరి రెండు. ఆ హాల్లో ఖాళీలో పాడేవాళ్లు లేరు. పాట తెలియక కాదు. ఒక్కో ఖాళీలో పెదనాయిన మృదంగం మీద ఒక్క దెబ్బ మాత్రం వేశాడు, మెల్లగా, తలుపు తట్టినట్టు. అలా చివరిదాకా నడిచింది. ఎవరూ లేచిపోలేదు, ఎవరూ మెచ్చుకోలేదు.

బయటికొచ్చాక పెదనాయిన నాయిన మోచేయి పట్టుకొని చూశాడు. "ఎన్నేండ్లాయెరా?" అని అడిగాడు. నాయిన చెప్పాడు, బావి సంగతితో సహా. పెదనాయిన చేయి తన నడుము మీదికి పోయింది. మా కూజా నీళ్లు గుర్తొచ్చి ఉంటాయి. "నౌకరి..." అని మొదలుపెట్టి, ఆపేశాడు.

ఆ ఉద్యోగం నెల తిరక్కముందే ఒక కుర్రవాడికి ఇచ్చారు. మేం మరుసటి సాయంత్రానికే ఇల్లు చేరాం. ఎండాకాలం, మా వాకిట్లో బిందెలు వరుసగా ఉన్నాయి. ఆడవాళ్లు బావి గట్టు చుట్టూ కూర్చున్నారు. తలలు ఎత్తకుండా, ఒళ్లు తిప్పి మా వైపు చూశారు.

"వచ్చిన్రా! ఏమాయె పంతులూ, పాలమూరుల గెలిచినవా?"

"గెలుసుడేంది, మనకు ఇడిసిపెట్టి పోతడా గీయన? పోడు. గీ నీళ్లు ఏడ దొరుకుతయి?"

"కుర్చీ ఏపియ్యండ్రి. గా జోలపాట వాయించు పంతులూ, రెండు రోజులాయె వినక."

కుర్చీ వేశారు. నాయిన కాళ్లు కడుక్కొని, వచ్చి కూర్చొని, దండం పెట్టకుండానే జోలపాట మొదలుపెట్టాడు. మూడు స్వరాలు. ఆగాడు. నేలను చూస్తున్న ఆ తలలన్నీ కలిసి మిగిలినది పాడాయి. ఎంత బాగా పాడారో! ఇప్పుడు ఆయన మూడు కూడా పలికించనక్కరలేదు, ఒక్క స్వరం ఇచ్చినా వాళ్లు పాట ముగించగలరు. అదీ చూశాను ఆ తర్వాత, 1968లో.

అమ్మ చేద బావిలోకి వదిలింది. గిలక తిరుగుతుంటే తాడు పట్టుకొని, నా వైపు చూడకుండా అంది:

"రెండే, బిడ్డా. రెండే ఉండె."

 ఆమె చేద పైకి లాగి, చెంబు ముంచి నాకిచ్చింది. ఎండలో బస్సులు మారి వచ్చాం, గొంతు ఎండిపోయి ఉంది. తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి.